బాయిలర్ ఆపిన సాయంత్రం

హడర్స్‌ఫీల్డ్‌లో, కాలువ పక్కన
ఒకప్పుడు ఉన్ని నేసిన మిల్లు
ఇప్పుడు మా హాలు.
తాళాలు నావి. బాయిలర్ నాది.
సంగీతం ఎవరిదో.

మధ్యాహ్నం రిహార్సల్ సగంలో
కండక్టర్ కర్ర దించి చెవి రిక్కించాడు.
"ఆ గురగుర ఏమిటి?"
బాయిలరండీ, ముసలిది, అన్నాను.
"ఏ స్వరం?"
నాకేం తెలుసు!
పెద్ద వయొలిన్ హెస్టర్ ఆక్‌రాయిడ్ కళ్ళు మూసుకుని
"బి ఫ్లాట్. కొంచెం కింద" అంది,
ఎవరికో జ్వరం ఎంతుందో చెప్తున్నట్టు.
ఆపమన్నారు.
నవంబరు నెల. బయట రెండు డిగ్రీలు.

అందుకే రాత్రి రెండువందల పదిమంది
కోట్లు విప్పకుండా కూర్చున్నారు.
వేదిక మీద రెండు వయొలిన్లు ఎదురెదురుగా,
వాటి వెనక అర్ధచంద్రంలా మిగతా తీగలన్నీ.
హెస్టర్ చేతులకి వేళ్ళు కత్తిరించిన ఊలు గ్లౌజులు.
రెండో వయొలిన్ కుర్రాడు, టోబియాస్,
పదేళ్ళు ఆమె దగ్గరే నేర్చుకున్నాడట,
ఆమె చేతిని చూడడు,
ఆమె ఊపిరి పొగని చూస్తాడు.

మొదలైంది.
మొదలైందని నాకు తెలియడానికి కాస్త టైం పట్టింది.
ఒక స్వరం. దాని పక్కన ఇంకొకటి.
మళ్ళీ మొదటిదే.
చిన్నప్పుడు మా పక్క వాటాలో ఒక పిల్ల
తెల్లారకుండానే సరళీ వరసలు పట్టేది,
మ దాకా వెళ్ళేది, మళ్ళీ స కొచ్చేది.
ఎప్పుడో ఓ రోజు కీర్తన అందుకుంటుందని
దుప్పటి కప్పుకుని ఎదురుచూసేవాణ్ణి.
ఇదీ అంతే, ఎక్కడికీ వెళ్ళదు.
వెళ్ళక్కర్లేదని
పావుగంటకి గానీ ఒప్పుకోలేకపోయాను.

ఒక వయొలిన్ మెట్టు దిగుతుంటే
ఇంకొకటి మెట్టెక్కుతోంది.
కిటికీ అవతల కాలువకి లాకులున్నాయి.
ఎండాకాలం భోజనం డబ్బా పట్టుకుని చూస్తుంటాను:
పడవ లోపలికొస్తుంది, వెనక తలుపు మూస్తారు,
ఇక ఎవరూ తొయ్యరు, తెడ్డు వెయ్యరు,
నీళ్ళే నెమ్మదిగా పైకెత్తుతాయి.
చెల్లోలు, వయోలాలు, ఆ మూల నిలబడ్డ బేసు
అవే నీళ్ళు.
నేను కూర్చున్న కుర్చీ ఎంత పైకొచ్చిందో
కిందికి చూస్తేగానీ తెలియలేదు.

మధ్య మధ్య నిశ్శబ్దాలు.
అవీ కాగితం మీద రాసినవేనట, కొలతలతో సహా,
ప్రతిసారీ క్రితంసారి కంటే ఓ గుక్క ఎక్కువ.
మొదటి దాంట్లో దగ్గారు.
రెండో దాంట్లో ఎవరి కడుపో మూలిగింది.
మూడో దాంట్లో, నేను ఆపిన పైపు
చల్లబడుతూ, గోడలోపల,
టక్.

తాళాలగుత్తి మోగకుండా పిడికిట్లో నొక్కిపట్టాను.
హెస్టర్ తలెత్తి పైపు వైపు చూసింది,
ఆలస్యంగా వచ్చినవాడికి కుర్చీ చూపించినట్టు.
కాసేపటికి ఇంకో టక్.
ఈసారి ఎవరూ తల తిప్పలేదు.

చివర అందరూ దిగుతూ దిగుతూ
రి దగ్గరికొచ్చి
విల్లులు తీసేశారు.
స రాయలేదు.
అంతమందిమి
ఆ ఒక్క మెట్టు కోసం కాలు గాల్లో పెట్టి కూర్చున్నాం.
ఎంతసేపో తెలీదు. టోబియాస్ మోచెయ్యి
ఇంకా పైకే ఉంది, సన్నగా వణుకుతోంది.
చలికే అనుకుంటాను.

చప్పట్లు, పూలగుత్తి, ఆఖరి రైలు తొందర.
బేసు ఆయన డబ్బా తలుపులో ఇరుక్కుంటే సాయం పట్టాను.
అందరూ వెళ్ళాక
అరచేతిలో తాళంచెవి పళ్ళ గుర్తులు నాలుగు.

బాయిలర్ మూడోసారికి అంటుకుంది.
పదకొండేళ్ళుగా రోజూ వింటున్న గురగుర.
బి ఫ్లాట్, కొంచెం కింద.
మేం ఎదురుచూసిన స ఇది కాదు.
అయినా పైపు వేడెక్కేదాకా
దాని మీద చెయ్యి వేసి
అక్కడే నిలబడ్డాను.